మొక్కజొన్న సాగు చరిత్ర: విత్తే పద్ధతులు, ఆచ్ఛాదన, దిగుబడి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:

• మొక్కజొన్నను విత్తే పద్ధతులు కాలక్రమంలో ఎలా మారాయి, ఎందుకు మారాయి.
• నేలను కప్పి ఉంచడం పంట పెరుగుదలపైన, దిగుబడిపైన చూపే ప్రభావం.
• నాగలి మీద ఉన్న నమ్మకాన్ని 20వ శతాబ్దపు ప్రయోగాలు ఎలా సవరించాయి.
• కృష్ణా డెల్టా వరి మాగాణుల్లో దుక్కి లేని మొక్కజొన్న సాగుకు ఈ చరిత్రలో ఉన్న స్థానం.

1. పరిచయం

మొక్కజొన్న మొలకెత్తిన రెండు వారాలకు చేను గట్టు మీద నిలబడి చూస్తే మీకు మొక్కల కంటే నేలే ఎక్కువగా కనిపిస్తుంది. సాలుకూ సాలుకూ మధ్య రెండు అడుగుల ఖాళీ ఉంటుంది. వరి, గోధుమ వంటి పంటలు చిక్కగా పెరిగి నేలను త్వరగా కప్పేస్తాయి. మొక్కజొన్న మాత్రం ఎడంగా నాటవలసిన పంట. దాని ఆకులు ఒకదానితో ఒకటి కలిసి సాళ్ళ మధ్య నీడ పరచడానికి నెలకు పైగా పడుతుంది. ఈ లోపు ఆ ఖాళీలో కలుపు మొలుస్తుంది, ఎండకు తేమ ఆవిరవుతుంది, వాన చినుకులు నేరుగా తగిలి మట్టి కొట్టుకుపోతుంది.

సాళ్ళ మధ్య ఉన్న ఆ నేలను ఏం చేయాలన్న ప్రశ్నకు రైతులు దాదాపు 9,000 సంవత్సరాలుగా జవాబులు చెబుతున్నారు. కొందరు అందులో మరో పంట పెంచారు. కొందరు దున్ని శుభ్రంగా ఉంచారు. కొందరు చొప్పతోను, ఇటీవల ప్లాస్టిక్ పొరతోను కప్పారు. ఈ జవాబులు ఏ పరిస్థితుల్లో పుట్టాయో, వాటివల్ల ఏం లాభించిందో, ఏం నష్టపోయారో ఈ భాగంలో తెలుసుకుందాం. విత్తే పద్ధతి, నేల కప్పు అనేవి రెండు వేర్వేరు అంశాలుగా కనిపించినా అవి ఒకే ప్రశ్నకు రెండు వైపులని మీరు గమనిస్తారు.

ముందుగా ఒక పదాన్ని స్పష్టం చేసుకోవాలి. నేల పైభాగాన్ని గడ్డి, చొప్ప, ఆకులు, కొయ్యకాళ్ళు లేదా ప్లాస్టిక్ పొర వంటి వాటితో కప్పి ఉంచడాన్ని ఆచ్ఛాదన అంటారు. రైతుల వాడుకలో దీనినే మల్చింగ్ అంటున్నారు.

2. తొలి పద్ధతి: కర్ర, గుంట, తోడు పంటలు

మొక్కజొన్న పుట్టిల్లు దక్షిణ మెక్సికోలోని బల్సాస్ నదీ లోయ. అక్కడ పెరిగే టియోసింటే అనే అడవి గడ్డి నుంచి మనుషులు తరతరాల ఎంపికతో ఈ పంటను రూపొందించారు. గెర్రెరో ప్రాంతంలోని షివాటోష్ట్లా అనే రాతి గుహలో దొరికిన ఆనవాళ్ళు సుమారు 8,700 సంవత్సరాల నాటివి. టియోసింటే గింజలు పండగానే వాటంతట అవే రాలి మొలుస్తాయి. మొక్కజొన్న గింజలు కండెను అంటిపెట్టుకొని, పొత్తి రేకుల లోపల మూసుకొని ఉంటాయి. ఎవరో ఒకరు వలిచి నాటకపోతే ఈ పంట మనుగడ సాగించలేదు. కాబట్టి మొక్కజొన్న ఉన్నంత కాలం నాటే పద్ధతి కూడా ఉంది.

మధ్య అమెరికా రైతులకు నాగలి లేదు. నాగలి లాగే పశువులూ లేవు. కోవా అనే మొనదేలిన కర్రతో గుంట చేసి, అందులో కొన్ని గింజలు వేసి మట్టి కప్పేవారు. గుంటకు గుంటకు మధ్య ఉన్న నేలను కదిలించేవారు కాదు. ఆ నేలలో చిక్కుడు జాతి పంటను, గుమ్మడిని పెంచేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్న కాండాన్ని ఆసరాగా చేసుకొని పాకుతుంది. దాని వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. గుమ్మడి వెడల్పాటి ఆకులు నేల మీద పరుచుకొని కలుపును అణచి, తేమను నిలుపుతాయి. ఈ మిశ్రమ సాగును మిల్పా అంటారు. ఇక్కడ గుమ్మడి చేసిన పని ఆచ్ఛాదనే. ఆ కప్పు చచ్చిన గడ్డి కాక సజీవంగా పెరిగే పంట కావడమే తేడా.

మిల్పాను ఆదర్శ వ్యవస్థగా మాత్రమే చూడరాదు. చాలాచోట్ల అడవిని నరికి కాల్చి పొలం చేసేవారు. కొన్ని పంటల తరువాత సారం తగ్గితే ఆ నేలను వదిలి మరోచోటికి వెళ్ళేవారు. జనాభా పెరిగి బీడు పెట్టే కాలం తగ్గినప్పుడు ఈ పద్ధతి నేలను దెబ్బతీసింది. దీనికి ప్రత్యామ్నాయం కూడా ఆ ప్రాంతంలోనే వచ్చింది. హోండురాస్ దేశపు లెంపీరా ప్రాంతంలో కెసుంగువాల్ అనే పద్ధతిలో పొదలను కాల్చకుండా నరికి, ఆ రొట్టను నేల మీదే పరిచి, దాని మధ్య మొక్కజొన్న నాటుతారు.

ఉత్తర అమెరికాకు చేరిన తరువాత ఈ పద్ధతి మరో రూపం తీసుకుంది. 1605లో అట్లాంటిక్ తీరాన్ని పరిశీలించిన ఫ్రెంచి యాత్రికుడు షాంప్లేన్ అక్కడి ఆదివాసుల చేలను వర్ణించాడు. వారు ఒక్కొక్క చోట మూడు నాలుగు గింజలు నాటి, చుట్టూ మట్టిని కుప్పగా ఎగదోసి, సుమారు మూడు అడుగుల ఎడంలో మరో కుప్ప చేసేవారు. ఆ కుప్పల్లోనే చిక్కుడు గింజలు, వాటి మధ్య గుమ్మడి వేసేవారు. నేటి న్యూయార్క్ రాష్ట్ర ప్రాంతంలో నివసించిన హోడెనొషోనీ జాతుల్లో ఈ సాగు స్త్రీల చేతిలో ఉండేది. మట్టి కుప్ప వల్ల చలి ప్రాంతంలో నేల త్వరగా వేడెక్కేది, వేళ్ళ దగ్గర నీరు నిలిచేది కాదు, గాలికి మొక్క పడిపోయేది కాదు.

ఈ సాగు ఎంత ఫలవంతమైనదో చెప్పడానికి ఒక యుద్ధ నివేదిక సాక్ష్యంగా ఉంది. 1779లో జార్జ్ వాషింగ్టన్ ఆదేశంపై జనరల్ సలివాన్ సైన్యం హోడెనొషోనీ గ్రామాల మీద దండెత్తింది. 40 గ్రామాలను, కనీసం 1,60,000 బుషెళ్ళ మొక్కజొన్నను నాశనం చేసినట్లు సలివాన్ తన నివేదికలో పేర్కొన్నాడు. నాగలి ఎరుగని ఆ ప్రజలు అంత ధాన్యం ఎలా పండించారు? కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ మౌంట్ ప్లెజెంట్ ఈ ప్రశ్నను పరిశీలించి 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. 17, 18 శతాబ్దాల్లో ఎకరాకు వారు పండించిన ధాన్యం ఐరోపా గోధుమ రైతుల దిగుబడికి 3 నుంచి 5 రెట్లు ఉండేదని ఆమె అంచనా. మొక్కజొన్నకు స్వతహాగా ఉన్న అధిక దిగుబడి శక్తి ఇందుకు ఒక కారణం. దున్నకపోవడం వల్ల నేలలోని సేంద్రియ పదార్థం నశించకుండా ఏటేటా పంటకు పోషకాలు అందించడం రెండో కారణం.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
అ) మనిషి నాటకపోతే మొక్కజొన్న మనుగడ ఎందుకు సాగదు?
ఆ) మిల్పాలో గుమ్మడి నిర్వహించే పాత్ర ఏమిటి?

3. నాగలి, సాలు, గుర్రం వెడల్పు

ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవారు మొక్కజొన్నను ఆదివాసుల నుంచి తీసుకున్నారు. దానిని పండించే పద్ధతిని మాత్రం తమ దేశపు నాగలికి అనుగుణంగా మార్చారు. దాని వెనక ఒక సిద్ధాంతం కూడా ఉంది. ఇంగ్లండుకు చెందిన జెత్రో టల్ 1733లో వెలువరించిన గ్రంథంలో మొక్కల వేళ్ళు సన్నటి మట్టి రేణువులనే ఆహారంగా తీసుకుంటాయని వాదించాడు. అందువల్ల మట్టిని ఎంత మెత్తగా చేస్తే పంటకు అంత మేలని, సాళ్ళ మధ్య గుర్రపు గుంటకను పదేపదే నడపాలని చెప్పాడు. మొక్కల పోషణ గురించి అతడు చెప్పింది తప్పని తరువాత తేలింది. అయినా సాళ్ళలో విత్తడం, మధ్యలో గుంటక నడపడం అనే ఆచారం స్థిరపడింది.

1837లో జాన్ డియర్ ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉక్కు నాగలిని తయారుచేశాడు. జిగటగా ఉండే ప్రెయిరీ నల్ల నేలలు దానితో సాగులోకి వచ్చాయి. అదే రాష్ట్రంలో జార్జ్ బ్రౌన్ 1853లో గుర్రాలతో నడిచే మొక్కజొన్న విత్తే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ తరువాత చదరపు విత్తనం అనే పద్ధతి వచ్చింది. చేనుకు అడ్డంగా ముడులు వేసిన తీగను లాగి కట్టేవారు. యంత్రం కదులుతూ ఒక్కొక్క ముడిని తాకినప్పుడల్లా కొన్ని గింజలు నేలలో పడేవి. మొక్కలు చదరంగపు గళ్ళలా నిలువుగాను, అడ్డంగాను వరుసల్లో నిలిచేవి. దానివల్ల గుంటకను రెండు దిశల్లోను నడిపి కలుపు తీయడం సాధ్యమైంది.

ఈ గళ్ళ మధ్య దూరం 40 నుంచి 42 అంగుళాలు ఉండేది. ఆ కొలత మొక్క అవసరాన్ని బట్టి వచ్చింది కాదు. సాలులో గుర్రం నడవడానికి కావలసిన వెడల్పు అది. దీని పర్యవసానాన్ని మీరు ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. 42 అంగుళాలు అంటే మూడున్నర అడుగులు. ఒక్కో గడికి 12.25 చదరపు అడుగులు. ఎకరాలో 43,560 చదరపు అడుగులు ఉంటాయి కాబట్టి 3,556 గళ్ళు వస్తాయి. గడికి 3 మొక్కల చొప్పున ఎకరాకు సుమారు 10,700 మొక్కలు. నేడు మన ప్రాంతంలో సిఫార్సు చేసే 60 × 20 సెంటీమీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 33,000 మొక్కలు వస్తాయి. అంటే గుర్రం కోసం వదిలిన దారి వల్ల అప్పటి చేనులో మొక్కల సంఖ్య నేటి దానిలో మూడో వంతు మాత్రమే.

దిగుబడి సంగతి చూడండి. 1866 నుంచి 1930ల మధ్య వరకు అమెరికా సగటు దిగుబడి ఎకరాకు సుమారు 26 బుషెళ్ళ దగ్గరే నిలిచిపోయింది. మన లెక్కలో అది ఆరున్నర క్వింటాళ్ళు. ఉక్కు నాగలి, విత్తే యంత్రం వచ్చి ఒక్కో రైతు సాగుచేసే విస్తీర్ణం పెరిగింది కాని ఎకరా దిగుబడి పెరగలేదు. 1930లలో సంకర విత్తనాలు, ఆ తరువాత రసాయన ఎరువులు వచ్చాకే ఆ గీత పైకి లేచింది. సంకర రకాల ప్రత్యేకత ఒక్కో మొక్క మరీ ఎక్కువ కాయడంలో లేదు. దగ్గర దగ్గరగా నాటినా తట్టుకొని కండె వేయడంలో ఉంది. విత్తే దూరం, విత్తన రకం అనే రెండూ కలిసి మారినప్పుడే దిగుబడి మారిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంశం.

4. నాగలిపై సందేహాలు

సాళ్ళ మధ్య మట్టిని మెత్తగా గుల్ల చేసి ఉంచితే అదే తేమను కాపాడుతుందని 20వ శతాబ్దపు ఆరంభంలో గట్టిగా నమ్మేవారు. దీనిని ధూళి ఆచ్ఛాదన అనేవారు. ఈ నమ్మకాన్ని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన కేట్స్, కాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. 28 రాష్ట్రాల్లో 6 సంవత్సరాల పాటు 125 ప్రయోగాలు చేసి 1912లో ఫలితాలు ప్రచురించారు. ఒక మడిలో మామూలుగా గుంటక నడిపారు. పక్క మడిలో మట్టిని కదిలించకుండా కలుపును మాత్రం పైపైన చెక్కివేశారు. రెండింటి సగటు దిగుబడి దాదాపు సమానంగా వచ్చింది. అంటే మొక్కజొన్న చేలో అంతర కృషి వల్ల కలిగే ప్రధాన లాభం మట్టి గుల్లబారడం కాదు, కలుపు పోవడం. ఈ నిర్ధారణ ఒక కొత్త ప్రశ్నకు దారితీసింది. కలుపును మరో విధంగా అదుపు చేయగలిగితే నేలను కదిలించవలసిన అవసరం ఉందా? దానికి ఆచరణలో జవాబు రావడానికి మరో 50 సంవత్సరాలు పట్టింది.

ఈలోగా నేల కోత పెద్ద సమస్యగా మారింది. 1928లో హ్యూ హామండ్ బెన్నెట్ నేల కోతను జాతీయ ప్రమాదంగా వర్ణిస్తూ ప్రభుత్వ నివేదిక రాశాడు. 1935 ఏప్రిల్‌లో మహా మైదానాల మీద దుమ్ము తుపానులు చెలరేగాయి. అదే నెలలో నేల సంరక్షణ విభాగం చట్టబద్ధంగా ఏర్పడింది. దుమ్ము తుపానులు ప్రధానంగా గోధుమ ప్రాంతాన్ని దెబ్బతీశాయి. మొక్కజొన్న ప్రాంతంలో గాలి కంటే వాన ఎక్కువ నష్టం చేసింది. వాలు పొలాల్లో పైనుంచి కిందికి వేసిన శుభ్రమైన సాళ్ళు వాన నీటికి కాలువలుగా మారాయి.

నెబ్రాస్కాలో డూలీ, రస్సెల్ అనే శాస్త్రవేత్తలు 1930ల చివర కొయ్యకాళ్ళ ఆచ్ఛాదనపై ప్రయోగాలు ప్రారంభించారు. చినుకులు నేరుగా తగిలినప్పుడు నేల పైన సన్నటి పొర గట్టిపడి నీరు ఇంకకుండా అడ్డుకుంటుందని, గడ్డి కప్పు ఉంటే ఆ పొర ఏర్పడదని డూలీ చూపాడు. వానను నేలలోకి పంపేది దుక్కి లోతు కంటే నేల పైనున్న కప్పే అని దీని సారాంశం. 1943లో ఎడ్వర్డ్ ఫాక్‌నర్ నాగలి వాడకాన్నే తప్పుపడుతూ ఒక పుస్తకం రాశాడు. మట్టిని తిరగవేసే నాగలికి శాస్త్రీయమైన కారణం ఎవరూ చూపలేదన్న అతని వాదన పెద్ద చర్చను రేపింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
అ) చదరపు విత్తనంలో వరుసల దూరాన్ని నిర్ణయించిన అంశం ఏది?
ఆ) 1912 నాటి ప్రయోగాలు అంతర కృషి గురించి ఏమి నిరూపించాయి?

5. దుక్కి లేని సాగు: సగం జవాబు, పూర్తి జవాబు

రెండో ప్రపంచ యుద్ధం తరువాత 2,4-డి, ఆ తరువాత అట్రజిన్, పారాక్వాట్ వంటి కలుపు మందులు వచ్చాయి. 1962లో కెంటకీ రాష్ట్రానికి చెందిన హ్యారీ యంగ్ అనే రైతు 0.7 ఎకరాల్లో దున్నకుండా మొక్కజొన్న విత్తాడు. అదే సంవత్సరం ఒహాయో రాష్ట్రంలోని వూస్టర్ పరిశోధన స్థానంలో ట్రిప్లెట్, వాన్ డోరెన్ అనే శాస్త్రవేత్తలు దుక్కి లేని మడులను నెలకొల్పారు. అవి నేటికీ కొనసాగుతూ ప్రపంచంలోనే అతి దీర్ఘకాలపు దుక్కి రహిత ప్రయోగంగా పేరుపొందాయి.

వూస్టర్ ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. 1968లో ప్రచురించిన పరిశోధనలో వారు నేలను దున్నకుండా కొన్ని మడుల్లో చొప్పను పూర్తిగా తీసివేశారు, కొన్నింటిలో ఉంచారు, కొన్నింటిలో రెట్టింపు పరిచారు. చొప్ప తీసేసిన దుక్కి లేని మడుల్లో దిగుబడి దున్నిన మడుల కంటే తగ్గింది. చొప్ప ఉన్నచోట నీరు బాగా ఇంకి దిగుబడి నిలబడింది, పెరిగింది కూడా. కాబట్టి దున్నకపోవడం అనేది సగం పద్ధతి మాత్రమే. కప్పు దానికి రెండో సగం. నీరు సులభంగా ఇంకిపోయే నేలలో ఇంత మంచి ఫలితమిచ్చిన ఈ పద్ధతి, అదే రాష్ట్రంలోని నీరు నిలిచే బంకమట్టి నేలలో ఏటా మొక్కజొన్నే వేసినప్పుడు దిగుబడి తగ్గించింది. ఒకే పద్ధతి అన్ని నేలలకూ సరిపోదన్న పాఠం తొలినాళ్ళలోనే తెలిసింది.

ఉష్ణ మండలంలో ఈ పనిని నైజీరియాలోని ఇబడాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ ముందుకు తీసుకువెళ్ళింది. భారత సంతతికి చెందిన రతన్ లాల్ 1970 నుంచి అక్కడ వేర్వేరు వాలుల మీద మడులు కట్టి మొక్కజొన్న పండించాడు. హెక్టారుకు 4 నుంచి 6 టన్నుల పంట అవశేషాలు పరిస్తే నీటి పారుదల, మట్టి కోత బాగా తగ్గిపోయాయి. మధ్యాహ్నం వేళ మొలకలను మాడ్చే నేల వేడి కూడా తగ్గింది. అమెరికాలో వసంతకాలపు చలిలో చొప్ప కప్పు నేలను చల్లగా ఉంచి మొలకను ఆలస్యం చేస్తుంది. అదే కప్పు ఉష్ణ మండలంలో మొలకను కాపాడుతుంది. రతన్ లాల్‌కు 2020లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

అయితే ఆఫ్రికాలో ఈ పద్ధతి ఆశించినంతగా వ్యాపించలేదు. ప్రయోగ మడిలో చొప్ప నేల కోసం ఉంటుంది. చిన్న రైతు ఇంట్లో అదే చొప్ప పశువుల మేత, వంట చెరకు. ఈ పోటీ మన గ్రామాలకూ కొత్తది కాదు.

చైనా వేరే దారి ఎంచుకుంది. 1978లో జపాన్ నుంచి ప్లాస్టిక్ పొర ఆచ్ఛాదనను తెచ్చుకుంది. గాన్సు వంటి చలి, కరవు ప్రాంతాల్లో బోదెలు, కాలువలు చేసి, నేలంతటినీ ప్లాస్టిక్‌తో కప్పి, కాలువల్లో మొక్కజొన్న నాటారు. కొద్దిపాటి వాన కూడా బోదె మీది నుంచి జారి మొక్క మొదట్లో చేరుతుంది. దిగుబడులు బాగా పెరిగాయి. కాని చినిగిన ప్లాస్టిక్ ముక్కలు నేలలో పేరుకుపోయి తెల్ల కాలుష్యం అనే కొత్త సమస్య తలెత్తింది. పలచటి పొర త్వరగా చినుగుతుంది కాబట్టి 2017 నాటి జాతీయ ప్రమాణంలో పొర కనీస మందాన్ని 0.01 మిల్లీమీటరుకు పెంచారు.

6. తెలుగు నేలలో

మొక్కజొన్న మన దేశానికి అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. 1957లో ప్రారంభమైన అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకం దేశంలో ఈ తరహా పథకాల్లో మొదటిది. 1961లో ఆ పథకం విడుదల చేసిన తొలి నాలుగు సంకర రకాల్లో దక్కన్ ఒకటి.

తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్ వంటి ప్రాంతాల్లో వానాకాలపు పంట దుక్కి మీదే ఆధారపడి పెరిగింది. అక్కడ ప్రధాన సమస్య నీరు నిలవడం. మొక్కజొన్న పెరుగుదల మొగ్గ అయిదారు ఆకుల దశ వరకు నేల మట్టానికి కిందే ఉంటుంది. ఆ దశలో రెండు మూడు రోజులు నీరు నిలిస్తే మొక్క పసుపు రంగుకు మారి గిడసబారుతుంది. అందుకే బోదెలు కట్టి, బోదె పక్కన విత్తడం సిఫార్సు అయింది. వాన ఎక్కువైతే కాలువలో నీరు బయటికి పోతుంది, తక్కువైతే అదే కాలువ తేమను నిలుపుతుంది. షాంప్లేన్ చూసిన మట్టి కుప్ప కూడా వేళ్ళను నీటి ముంపు నుంచి కాపాడేదేనని గుర్తుచేసుకోండి.

కృష్ణా డెల్టాలో పరిస్థితి వేరు. గుంటూరు, కృష్ణా జిల్లాల మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లడం అలవాటు. నేలలో మిగిలిన తేమతోనే ఆ పంట పండేది. కాలువ నీళ్ళు ఆలస్యమై వరి కోత వెనకబడినప్పుడు, పల్లాకు తెగులు, బంగారు తీగ విజృంభించినప్పుడు మినుము నమ్మకం లేని పంటగా మారింది. 2000 తరువాతి సంవత్సరాల్లో చాలామంది రైతులు ఆ స్థానంలో మొక్కజొన్న వేయడం మొదలుపెట్టారు.

తడిసిన నల్ల బంకమట్టిని దున్నితే పెద్ద పెద్ద పెళ్ళలు లేస్తాయి. అవి ఆరి, చితికి, విత్తడానికి అనువయ్యే లోపు తేమ పోతుంది, కాలమూ పోతుంది. అందుకే వరి కోసిన వెంటనే తాడు పట్టి, వరి కొయ్యకాళ్ళ మధ్య కర్రతో రంధ్రాలు చేసి గింజ వేశారు. కలుపును, మళ్ళీ చిగిర్చే వరి దుబ్బులను అణచడానికి విత్తిన వెంటనే అట్రజిన్, పారాక్వాట్ మందులు చల్లారు. దుక్కి ఖర్చు మిగిలింది, పంట ముందుగా చేతికి వచ్చింది. వేసవి ఎండలు ముదిరేలోగా కండె గింజ పోసుకుంది. ఒహాయో బంకమట్టిలో తగ్గిన దిగుబడి ఇక్కడ ఎందుకు తగ్గలేదు? అక్కడ విత్తే కాలం చలి, తడి కాలం. ఇక్కడ విత్తేది వానలు వెనుదిరిగిన తరువాత. అక్కడ నేలలో తేమ భారం, ఇక్కడ అదే పెట్టుబడి.

మెక్సికో లోయలో ఆదివాసి రైతు చేతిలోని కర్ర, తెనాలి పరిసరాల మాగాణిలో కూలి పట్టిన కర్ర చేసే పని ఒకటే. రెండు చోట్లా నేలను దున్నలేదు. కాని మిల్పాలో కలుపును అణచినది గుమ్మడి, నత్రజని ఇచ్చినది చిక్కుడు. మాగాణిలో మొదటి పనిని కలుపు మందు, రెండో పనిని యూరియా బస్తా చేస్తున్నాయి. కప్పు విషయంలోనూ తేడా ఉంది. వరి గడ్డి పశువులకు వామిగా వెళుతుంది, కొయ్యకాళ్ళు మాత్రమే మిగులుతాయి. వూస్టర్ ప్రయోగాల భాషలో చెప్పాలంటే ఇక్కడ దుక్కి మానడం జరిగింది కాని నేల పూర్తిగా కప్పబడలేదు. తేమ చాలకపోతే నీటి తడుల మీద భారం పడుతుంది. పారాక్వాట్ విషయంలో మరో హెచ్చరిక అవసరం. అది లోపలికి వెళితే విరుగుడు లేని విషం. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి దానికి అనుమతి లేదు. చేతికి తొడుగు, ముఖానికి రక్షణ లేకుండా దాన్ని చల్లే కూలీ ఆరోగ్యాన్ని కూడా ఈ పద్ధతి ఖర్చులో లెక్కించాలి.

7. పెరుగుదల, దిగుబడి: చరిత్ర నుంచి గ్రహించదగినవి

పై చరిత్రను ఆధారంగా చేసుకొని మీరు కింది విషయాలను నిర్ధారించవచ్చు.

అ) మొక్కల సంఖ్య: విత్తే దూరం ఎకరాలోని మొక్కల సంఖ్యను నిర్ణయిస్తుంది. సంఖ్య ఎంత ఉండాలో విత్తన రకం, నీరు, ఎరువు నిర్ణయిస్తాయి. వర్షాధార నేలలో మొక్కలు మరీ చిక్కనైతే పూత దశలో నీరు చాలక కండెలు గింజ పట్టవు.

ఆ) తేమ: కప్పు ఆవిరిని తగ్గిస్తుంది, వాన నీటిని ఇంకిస్తుంది. మొక్కజొన్న పూత, పీచు దశలో తేమ లోటును అసలు భరించలేదు. ఆ దశ దాకా తేమను దాచగలిగిన పద్ధతి దిగుబడిని కాపాడుతుంది.

ఇ) వేడి: కప్పు నేలను చల్లబరుస్తుంది. అది మేలా కీడా అన్నది ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి ఉంటుంది.

ఈ) నత్రజని: గడ్డి, చొప్ప వంటి వాటిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. అవి కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం వాడుకుంటాయి. చొప్ప కప్పిన తొలి పంటలో ఆకులు పాలిపోవడానికి ఇదే కారణం. తొలి దఫా ఎరువును గింజ వరుస దగ్గర, కప్పు కింద అందిస్తే ఈ లోటు తీరుతుంది.

ఉ) నీరు నిలవడం: మురుగు పోని నేలలో కప్పు ఒక్కటే సమస్యను తీర్చదు. బోదె లేదా కుప్ప వంటి ఎత్తు అవసరం.

8. సారాంశం

మొక్కజొన్న ఎడంగా నాటవలసిన పంట కావడంతో సాళ్ళ మధ్య నేలను ఏం చేయాలన్నది దాని సాగు చరిత్రలో కేంద్ర ప్రశ్న అయింది. అమెరికా ఆదివాసులు తోడు పంటలతో ఆ నేలను కప్పారు. నాగలి, గుర్రం వచ్చాక దానిని ఖాళీగా, శుభ్రంగా ఉంచడం ఆదర్శమైంది. దాని వల్ల సాగు విస్తరించింది కాని ఎకరా దిగుబడి చాలాకాలం కదలలేదు, మట్టి కొట్టుకుపోయింది. 1912 నుంచి 1968 వరకు జరిగిన ప్రయోగాలు అంతర కృషి లాభం కలుపు తీయడంలోనే ఉందని, దుక్కి మానడం కప్పుతో కలిసినప్పుడే ఫలిస్తుందని చూపాయి. కృష్ణా డెల్టా రైతులు దుక్కి మాని కాలాన్ని, ఖర్చును ఆదా చేశారు. కలుపు మందు మీద ఆధారపడటాన్ని తగ్గిస్తూ, పశువుల మేతకు లోటు రాకుండా నేలకు కప్పు ఎలా మిగల్చాలన్నది వారి ముందున్న ప్రశ్న. పిల్లిపెసర వంటి పంటలను నేల కప్పుగా, మేతగా రెండు విధాలా ఉపయోగించవచ్చేమో మీ ప్రాంతపు రైతులతో చర్చించండి.

9. కీలక పదాలు

ఆచ్ఛాదన: నేల పైభాగాన్ని గడ్డి, చొప్ప, పొర వంటి వాటితో కప్పి ఉంచడం.
కొయ్యకాళ్ళు: కోత తరువాత పొలంలో మిగిలే పైరు మొదళ్ళు.
మిల్పా: మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించే మధ్య అమెరికా సాగు.
చదరపు విత్తనం: నిలువు, అడ్డ వరుసలు రెండూ కుదిరేలా గళ్ళుగా విత్తడం.
అంతర కృషి: పైరు నిలిచి ఉండగా సాళ్ళ మధ్య గుంటక వంటి పనిముట్లు నడపడం.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మొక్కజొన్న విత్తే పద్ధతుల్లో 17వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం వరకు వచ్చిన మార్పులను, వాటి కారణాలను వివరించండి.
2. 'దున్నకపోవడం సగం పద్ధతి, కప్పు రెండో సగం' – వూస్టర్, ఇబడాన్ ప్రయోగాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కృష్ణా డెల్టాలో మినుము స్థానంలో మొక్కజొన్న రావడానికి దారితీసిన పరిస్థితులు ఏవి?
2. ప్లాస్టిక్ ఆచ్ఛాదన లాభనష్టాలను తెలపండి.
3. 75 × 20 సెంటీమీటర్ల ఎడంలో విత్తితే హెక్టారుకు ఎన్ని మొక్కలు వస్తాయో లెక్కించి, మీ గ్రామంలోని ఒక మొక్కజొన్న చేనుతో పోల్చండి.